ఊరి డబ్బుతో ఆక్సిజన్ మెషిన్లు కొనాలా? ఆయాసం జబ్బు ఉన్నవాళ్లకి ఊళ్లో ఇంకేం చేయొచ్చు?

పల్నాడు_కుర్రోడు
మా ఊళ్లో సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఆయాసం జబ్బు) అని డాక్టర్లు రాసిచ్చినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఇద్దరు క్వారీలో పనిచేసినవాళ్లు, నలుగురివి బీడీలు, చుట్టలు. మిగతా ముగ్గురూ ఆడవాళ్లు, జన్మంతా కట్టెల పొయ్యి దగ్గరే. చలికాలం వస్తే వంతులేసుకున్నట్టు ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రిలో చేరతారు. తగ్గాక సంచీడు మందులతో ఇంటికొస్తారు. ఆ తర్వాత పట్టించుకునే నాథుడు లేడు. మళ్లీ ఆయాసం, మళ్లీ ఆటో.
అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు రెండు పది లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకి (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే కరెంటు మెషిన్లు) డబ్బు పంపిస్తామంటున్నారు. గ్రంథాలయం గదిలో పెట్టి, ఆయాసం వచ్చినవాళ్లకి వచ్చినట్టు తిప్పుదామని ఆలోచన. ఏ రకం కొనాలి, ఎలా నడపాలి?

ఊపిరితిత్తుల_డాక్టర్_వరంగల్
ఏ రకం అన్నది తర్వాత. తొమ్మిది మందిలో ఇంట్లో ఆక్సిజన్ నిజంగా కావలసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉండొచ్చు, అసలెవరూ లేకపోనూ వచ్చు. ఆయాసం వేరు, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వేరు. ఆక్సిమీటర్‌లో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) 95 చూపిస్తున్న మనిషికి కూడా నాలుగడుగులేస్తే రొప్పు వస్తుంది. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోక ఛాతీలో ఇరుక్కుపోవడం దానికి కారణం. అతనికి ఆక్సిజన్ పెట్టి ప్రయోజనం లేదు.
ఎవరికి కావాలంటే, జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లో, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా 88 లేదా అంతకంటే తక్కువ ఉండేవాళ్లకి. దాన్ని ధమని రక్త పరీక్షతో (ఏబీజీ అంటారు) ఖాయం చేసుకోవాలి. అందులో ఆక్సిజన్ పీడనం 55 లేదా తక్కువ ఉండాలి. కాళ్ల వాపు, గుండె కుడివైపు భారం, రక్తం చిక్కబడటం ఉంటే 59 దాకా ఇస్తాం. ఇచ్చాక రోజుకి కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. ఆయాసం వచ్చినప్పుడు అరగంట పెట్టుకుని తీసేస్తే ఆయుష్షు పెరగదు. కాబట్టి ఒక మెషిన్‌ని నలుగురికి తిప్పడం కుదరదు.
ఇంకోటి, డిశ్చార్జి రోజున రాసిన ఆక్సిజన్ జన్మాంతం కాదు. రెండు మూడు నెలల్లో మళ్లీ పరీక్ష చేస్తే చాలామందికి అవసరం తీరిపోయి ఉంటుంది.

డల్లాస్_నుంచి
పంపేవాళ్ల వైపు మాట చెప్తాను. మెషిన్ కంటికి కనిపిస్తుంది, అందుకే డబ్బు వస్తుంది. "నేర్పిస్తాం, నడిపిస్తాం" అంటే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. మెషిన్ వద్దంటే ఆ డబ్బు ఇంకో గుడి రంగులకి పోతుంది.

కాన్సంట్రేటర్_మెకానిక్
కనిపించే మెషిన్ల సంగతి మమ్మల్నడగండి. 2021లో కరోనా రెండో విడతప్పుడు దానంగా వచ్చిన మెషిన్లు ఎన్నో చోట్ల మూలనపడి ఉన్నాయి. లోపల జియోలైట్ గుళికలుంటాయి, గాలిలోంచి నైట్రోజన్‌ని పట్టి ఉంచేవి అవే. నెలల తరబడి ఆపేస్తే తేమ పీల్చుకుని పాడైపోతాయి. మెషిన్ చప్పుడు చేస్తుంది, గాలి వస్తుంది, అందులో ఆక్సిజన్ మాత్రం 60, 70 శాతమే. రోగికి తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. కొనేముందు ప్యూరిటీ మీటర్‌తో చూపించమనండి, 90 పైన ఉండాలి. తర్వాత కూడా ఆర్నెల్లకోసారి చూడాలి.
పది లీటర్లది అసలు వద్దు. సీఓపీడీ వాళ్లకి చాలావరకు 1, 2 లీటర్లు చాలు. ఐదు లీటర్ల మెషిన్ 350 వాట్లు తాగితే పది లీటర్లది 600 దాటుతుంది. ఐదు లీటర్లదాన్నే రోజుకి 15 గంటలు నడిపితే 5 యూనిట్లు పైనే, నెలకి దాదాపు 160 యూనిట్లు. పేదింట్లో మెషిన్ ఎందుకు ఆపేశారని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు కరెంటు బిల్లే.

ఓరుగల్లు_బిడ్డ
పైన మెకానిక్ అన్న చెప్పింది మా తెలంగాణల ఇంకో తీరు తగుల్తది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకనే జీరో బిల్లు. మెషిన్‌కే 160 అయితే ఫ్యాను, టీవీ, ఫ్రిజ్‌తోని 200 దాటుడు ఖాయం. దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలె. మెషిన్ ఇచ్చేటోళ్లు ఆ బిల్లు ఎవరు కడ్తరో ముందుగాల్నే రాసుకోవాలె.

పల్నాడు_కుర్రోడు
ఇది మాకెవరికీ తట్టలేదు. కరెంటు పోతే? మా దగ్గర వేసవిలో గంటల తరబడి ఉండదు.

కాన్సంట్రేటర్_మెకానిక్
150 ఏహెచ్ బ్యాటరీ, మంచి ఇన్వర్టర్ ఉంటే మూడు, మహా అయితే నాలుగు గంటలు, అదీ బ్యాటరీ కొత్తదైతే. నమ్మకమైన ఆసరా బి-టైప్ సిలిండర్, నల్ల ఒళ్లు తెల్ల మెడ ఉండేది. నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. రెండు లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది, పది గంటలే అని లెక్కేసుకోండి. గేజ్ సగం చూపిస్తే గ్యాసూ సగమే. నిలబెట్టి గోడకి గొలుసుతో కట్టాలి. తాళం (వాల్వు తిప్పే స్పానర్) సిలిండర్ మెడకే కట్టి ఉంచండి. అర్ధరాత్రి వెతుక్కునేది దాన్నే. వాల్వు దగ్గర నూనె, గ్రీజు చెయ్యి తగలకూడదు.
మెషిన్ గోడకి అడుగు దూరంలో ఉండాలి. వెనక స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. ఆక్సిజన్‌ని తడిపే నీళ్ల సీసాలో కాచి చల్లార్చినవో డిస్టిల్డ్ వాటరో రెండు గీతల మధ్య, రోజూ మార్చాలి. సీసా మూత అడ్డంగా బిగిస్తే పక్కనుంచి గాలి లీకవుతుంది. గొట్టం కొస గ్లాసు నీళ్లలో పెట్టి చూడండి, బుడగలు రాకపోతే ముందు ఆ మూతే చూసుకోండి.

సిక్కోలు_ఏఎన్ఎం
నిప్పు సంగతి ఎవరూ రాయలేదు. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషికి పది అడుగుల లోపు దీపం, అగరుబత్తి, హారతి, గ్యాస్ పొయ్యి ఉండకూడదు. దుప్పట్లో, చీరలో ఆక్సిజన్ నిలిచిపోతుంది. గొట్టం తీసిన వెంటనే చుట్ట వెలిగించినా భగ్గుమంటుంది. ముక్కు ఎండిపోతోందని వాజలీన్, కొబ్బరినూనె రాస్తారు, అవీ వద్దు. నీళ్లతో తయారైన జెల్ మందుల షాపుల్లో దొరుకుతుంది.
మా వైపు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాన పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. డాక్టర్లు "పొగ తాగుతావా" అని మగవాళ్లనే అడుగుతారు. ఆడవాళ్లని కూడా అడగండి, విడిగా, కోడళ్ల ముందు కాకుండా. మానాలనుకునేవాళ్లకి 1800-112-356 క్విట్‌లైన్ ఉంది, డబ్బు పడదు.

మందుల_షాపు_తెనాలి
ఆక్సిజన్ కంటే ముందు ఒక పని చేయండి. ఆ తొమ్మిది మందినీ వాళ్ల ఇన్‌హేలర్లతో సహా కూర్చోబెట్టి "ఎలా వాడుతున్నారో చూపించండి" అనండి. చెప్పమనొద్దు, చేసి చూపించమనండి. రోటాక్యాప్‌ని (పీల్చాల్సిన పొడి మందు ఉండే గొట్టం మాత్ర) నీళ్లతో మింగేవాళ్లు, స్ప్రే మూత తీయకుండా నొక్కేవాళ్లు, అయిపోయిన డబ్బాని నెలరోజులుగా కొడుతున్నవాళ్లు తేలతారు.
ఎక్కువమంది తారుమారు చేసేది ఒకటుంది. పొడి మందు (రోటాహేలర్ లాంటివి) గట్టిగా, వేగంగా లాగాలి. స్ప్రే అయితే మెల్లగా, నాలుగైదు సెకన్లు తీసుకోవాలి. జనం స్ప్రేని జుర్రుతారు, పొడిని నీరసంగా పీలుస్తారు. రెండూ గొంతులోనే ఆగిపోతాయి.
స్ప్రేకి స్పేసర్ (స్ప్రేకీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ డొల్ల గొట్టం) తప్పనిసరి అనుకోండి. డబ్బా బాగా ఊపాలి, స్పేసర్‌కి తగిలించాలి, నిటారుగా కూర్చుని ఊపిరంతా వదలాలి. అప్పుడు ఒక్కటంటే ఒక్క పఫ్ నొక్కి, మెల్లగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. అంతసేపు ఆగలేకపోతే స్పేసర్‌లోనే ఐదుసార్లు మామూలుగా పీల్చి వదలొచ్చు. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొడితే మందు గోడలకే అంటుకుంటుంది.
స్పేసర్ని వారానికోసారి గిన్నెల సబ్బు చుక్క వేసిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి మందుని లాగేసుకుంటుంది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

గోదారి_గట్టు
ఇదంతా ఎందుకండీ, నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా చేసే మెషిన్) ఒకటి కొనిస్తే సరిపోదా? మూతికి పెట్టుకుంటే మందు దానంతటదే పోతుంది.

మందుల_షాపు_తెనాలి
@గోదారి_గట్టు స్పేసర్‌తో సరిగ్గా తీసుకున్న స్ప్రే కూడా నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది. కరెంటు అక్కర్లేదు, జేబులో పడుతుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. నెబ్యులైజర్ కప్పు ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే సూక్ష్మజీవులు పెరిగి నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి. చేతులు వణికేవాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు, ఊపిరి లాగే బలం లేనివాళ్లకి నెబ్యులైజర్ మంచిదే. అందరికీ కాదు.
స్పేసర్ అందని చోట అత్యవసరానికి అరలీటరు నీళ్ల సీసా అడుగున స్ప్రే మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ టేపు వేసి వాడొచ్చు. సీసా మూతిని నోట్లో పెట్టుకుంటే చాలు.

సిక్కోలు_ఏఎన్ఎం
ఆ సీసా ఉపాయం నిజంగా పనికొస్తుంది. రంధ్రం పెద్దదైతే పక్కలనుంచి మందు పోతుంది, అదొక్కటి చూసుకోవాలి.

ఊరి_పెద్దాయన
మా ఊళ్లో ఆర్‌ఎంపీ డెక్సా, డెరిఫిల్లిన్ కలిపి ఒక సూది వేస్తే గంటలో లేచి కూర్చుంటారు. మీరు చెప్పే పఫ్‌లకి అంత బలం ఉందా?

ఊపిరితిత్తుల_డాక్టర్_వరంగల్
@ఊరి_పెద్దాయన లేచి కూర్చోవడం నిజమే. డెక్సా అంటే స్టెరాయిడ్. నిజంగా జబ్బు ముదిరినప్పుడు మేమూ స్టెరాయిడ్ ఇస్తాం, ఐదు రోజులు ఇచ్చి ఆపేస్తాం. పది రోజులకోసారి సూది పడుతుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి, కండ కరిగిపోతుంది, లోపల అణిగి ఉన్న టీబీ లేవొచ్చు. కండ కరిగితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. మళ్లీ సూదికే వెళ్తారు.

మందుల_షాపు_తెనాలి
దానికి తోడు డెరిఫిల్లిన్, థియోఫిలిన్ బిళ్లలు (గాలి గొట్టాల్ని వదులుచేసే మందులు) వాడేవాళ్లకి సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రక్తంలో థియోఫిలిన్ పెరిగిపోతుంది. వాంతులు, గుండె దడ, ఒక్కోసారి ఫిట్స్ కూడా. షాపులో ఏ యాంటీబయాటిక్ అడిగినా ముందు ఆ బిళ్లల చీటీ చూపించమని మీవాళ్లకి చెప్పండి.

ఫిజియో_కాకినాడ
@పల్నాడు_కుర్రోడు మీ గ్రంథాలయం గది వదులుకోకండి. మెషిన్‌కి కాదు, వ్యాయామానికి. ఆయాసం వస్తోందని మంచానికి అతుక్కుపోతే తొడల కండ పోతుంది. కండ పోయిన కాలు అదే పనికి ఎక్కువ గాలి అడుగుతుంది. దీన్ని తిప్పికొట్టేది పల్మనరీ రీహాబిలిటేషన్, అంటే ఆయాసం జబ్బువాళ్లకి క్రమంగా వ్యాయామం, ఊపిరి పద్ధతి నేర్పించడం. మళ్లీ ఆసుపత్రిలో చేరకుండా ఆపడంలో దీనికి మంచి రుజువుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు.
కావలసినవి: చేతులు లేని గట్టి కుర్చీలు (వెనక గోడకి ఆనించాలి), లీటరు నీళ్ల సీసాలు, ఒక ఆక్సిమీటర్, సెల్‌ఫోన్ గడియారం, ఆరుబయట 30 మీటర్ల చదును నేల. ఎనిమిది వారాలు, వారానికి రెండు మూడు రోజులు.
మొదటి రోజు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో కొలిచి రాయండి, మధ్యలో ఆగినా గడియారం ఆపొద్దు. తర్వాత రోజూ నడక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం ఐదుసార్లు, కాస్త ఆగి మళ్లీ ఐదు. సీసాలు పట్టుకుని చేతులు భుజాల ఎత్తు దాకా. ఎంత కష్టపడాలంటే, ఆయాసాన్ని పదికి లెక్కేస్తే మూడు నాలుగు దగ్గర ఉండాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆక్సిజన్ 88 కిందికి జారితే, ఛాతీ నొప్పి, తల తిరుగుడు వస్తే ఆపేయాలి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లని, బీపీ అదుపులో లేనివాళ్లని డాక్టర్ని అడగకుండా చేర్చుకోవద్దు. మొదటి రెండు వారాలైనా ఫిజియో పక్కనుండాలి.
ఊపిరి పద్ధతి: ముక్కుతో రెండు అంకెలు లోపలికి, వేడి గంజి ఊదుకున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి నాలుగు అంకెలు బయటికి. మెట్టు ఎక్కేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, వంగేటప్పుడు ఊపిరి వదలాలి. మనవాళ్లు సరిగ్గా అప్పుడే బిగబడతారు.

ఓరుగల్లు_బిడ్డ
ఎనిమిది వారాలు వస్తరా ముసలోళ్లు? రెండో వారంకే మాయమైతరు.

ఫిజియో_కాకినాడ
@ఓరుగల్లు_బిడ్డ నిజమే, మానేసేవాళ్లు ఎక్కువే. ఇంటికీ గదికీ మధ్య దూరమే మొదటి కారణం, అందుకే ఊళ్లోనే పెట్టమంటున్నాను. పొద్దున మంచులో కాకుండా పదింటికి పెట్టండి. బయల్దేరే పావుగంట ముందు డాక్టరు రాసిన రిలీవర్ (ఆయాసం వెంటనే తగ్గించే ఇన్‌హేలర్) పఫ్ తీసుకోమనండి. ఇంట్లోవాళ్లని ఒకర్ని తీసుకురమ్మనండి. ఎనిమిదో వారం మళ్లీ ఆరు నిమిషాల నడక కొలిచి మొదటి అంకె పక్కన రాసి చూపించండి. 30 మీటర్లు పెరిగితే అది మనిషికి తెలిసేంత మార్పు.

నెల్లూరు_అమ్మలు
ఇంట్లో చూసుకునేవాళ్లకి కొన్ని. స్నానం ఎత్తు పీట మీద కూర్చుని చేయించండి, తలుపు మొత్తం మూయకండి. తుడుచుకోవడానికి చేతులెత్తాలంటేనే వీళ్లకి రొప్పు వస్తుంది, పెద్ద తువ్వాలు ఒంటికి చుట్టేస్తే సరి. కడుపు నిండా ఒకేసారి పెట్టొద్దు, పొట్ట పైకి తంతే ఊపిరాడదు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు, గుడ్డు, పప్పు, పెరుగు తగ్గకుండా. బరువు తగ్గుతుంటే నెలనెలా రాసి డాక్టరుకి చూపించాలి. ఎండుమిర్చి పోపు, దోమల చక్రం, సాంబ్రాణి ఆ గదిలోకి రానివ్వకండి.
ఆయాసం వచ్చినప్పుడు ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోబెట్టి, మొహానికి దగ్గరగా చిన్న చేతి ఫ్యాను పెట్టండి. ముక్కు, బుగ్గల మీద గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టనిపిస్తుంది. చాలామందికి పనిచేస్తుంది.

సిక్కోలు_ఏఎన్ఎం
పొయ్యి గురించి: ఆంధ్రాలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వంట గ్యాస్ మీదకి మారినా నీళ్లు కాగబెట్టడం, ధాన్యం ఉడకబెట్టడం కట్టెల మీదే నడుస్తాయి. జబ్బు ఉన్నావిడ ఆ పొయ్యి దగ్గరికి వెళ్లకుండా ఇంట్లో పని మార్చుకోవాలి, పొయ్యిని వసారా దాటించాలి. కోడలికీ చంటిపిల్లలకీ కూడా మంచిది.
ఇంకోటి, ఆ తొమ్మిది మందిలో ఎంతమందికి స్పైరోమెట్రీ (ఊది చేసే పరీక్ష) అయింది? క్వారీ ఇద్దరికీ ఎక్స్‌రే చూడాలి, రాతిపొడి జబ్బు సిలికోసిస్ కావచ్చు. దానికి పై నుంచి టీబీ సులభంగా పడుతుంది. రెండు వారాలు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.

పల్నాడు_కుర్రోడు
అడిగి చూశాను. ఊదే పరీక్ష అయింది నలుగురికే. ఆక్సిమీటర్‌తో అందర్నీ కూర్చోబెట్టి చూశాం. ఏడుగురికి 93 పైనే. ఒకాయనకి 87, ఒకావిడకి 84 చూపించింది.

ఊపిరితిత్తుల_డాక్టర్_వరంగల్
84 ఆవిడ చేతికి గోరింటాకుందా? గోరింటాకు, గోళ్ల రంగు, చల్లబడిన వేళ్లు, ఇవన్నీ అంకెని తప్పు చూపిస్తాయి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు రుద్ది వెచ్చబడ్డాక, రంగు లేని వేలికి పెట్టి, అంకె కదలకుండా నిలిచేదాకా నిమిషం ఆగి రాయండి. 87 ఉన్న ఆయన్ని మాత్రం ఈ వారంలోనే ఏబీజీకి పంపండి.

పల్నాడు_కుర్రోడు
గోరింటాకే. ఇంకో వేలికి పెడితే 92.

డల్లాస్_నుంచి
అయితే మెషిన్ ఒక్కటే చాలన్నమాట, అదీ ఏబీజీ చూశాక. మిగతా డబ్బు దేనికో రాసిస్తే నేను పంపేవాళ్లకి చూపిస్తాను. ఈ చర్చ మొత్తం చదివిస్తాను కూడా.

ఊపిరితిత్తుల_డాక్టర్_వరంగల్
నా వరస ఇది. అందరికీ స్పేసర్లు. మిగిలిన ఐదుగురికి స్పైరోమెట్రీకి ఆటో ఖర్చు. ఏటా వానలకి ముందు ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా రాకుండా వేసేది). పెద్దవాళ్లకి ఇవి ప్రభుత్వ ఉచిత టీకాల్లో లేవు కాబట్టి డబ్బు అక్కడే బాగా పనికొస్తుంది. ఫిజియో రానుపోను ఖర్చు, రెండు మంచి ఆక్సిమీటర్లు. ఆయనకి అవసరమని తేలితే ఐదు లీటర్ల మెషిన్ ఒకటి, బి-టైప్ సిలిండర్ ఒకటి, ఏడాది సర్వీసు, కరెంటు బిల్లు.
మెషిన్ వస్తే మీటలో లీటర్లు డాక్టరు రాసినంతే. ఆయాసంగా ఉందని ఇంట్లోవాళ్లు రెండుని ఐదు చేస్తారు. సీఓపీడీలో లక్ష్యం 88 నుంచి 92, వంద కాదు. ఎక్కువైతే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, పగలు మగత, పొంతన లేని మాటలు వస్తే "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకోవద్దు, వెంటనే 108.

ఓరుగల్లు_బిడ్డ
మంచాన పడ్డోళ్ల కోసం ఇంకో మాట. తెలంగాణల జిల్లా ఆసుపత్రుల్ల ఆలన పేరుతోని పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించి చూసుకునే వైద్యం) కేంద్రాలున్నయ్, ఇంటికొచ్చి చూసే బృందం కూడా ఉంటది. క్యాన్సర్‌కే అనుకుంటరు, ఆయాసం ముదిరినోళ్లను కూడా అడగొచ్చు.

సిక్కోలు_ఏఎన్ఎం
ఒక్కొక్కరికీ ఒక అట్ట రాసి మంచం దగ్గర గోడకి అంటించండి. పైన ఆ మనిషి మామూలు రోజు లెక్కలు: కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత, ఎంత దూరం నడుస్తారు, కళ్లె ఏ రంగు, రోజుకి రిలీవర్ ఎన్నిసార్లు. దాని కింద "ఈ రోజే ఫోన్ చేయాలి": ఆయాసం పెరగడం, కళ్లె ఎక్కువవడం, రంగు పచ్చగా మారడం, వీటిలో ఏ రెండున్నా. అట్ట అడుగున "108": మాట పూర్తి చేయలేకపోవడం, పెదాలు గోళ్లు నీలం, మగత, ఎప్పుడూ ఉండేదానికంటే ఆక్సిజన్ బాగా పడిపోయి పెరగకపోవడం. బండి వచ్చేలోపు ముందుకు వంచి కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్ (రిలీవర్ మందు) ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు. అట్ట వెనక మందుల చీటీ జిరాక్సు. బండెక్కేటప్పుడు అట్ట కూడా పట్టుకెళ్లాలి, అక్కడి డాక్టరుకి ఈయన మామూలుగా ఎంత ఉంటాడో అదే చెప్తుంది.

పల్నాడు_కుర్రోడు
అట్టలు ఈ ఆదివారం రాస్తాం. ఏబీజీకి ఆయన్ని బుధవారం తీసుకెళ్తున్నాం. ఫోన్ చేయాలన్న చోట ఎవరి నంబరు రాయాలి? మా ఆశా కార్యకర్తకి తొమ్మిది ఇళ్లూ ఒక్కతే.

సిక్కోలు_ఏఎన్ఎం
ఆశా నంబరు ఒకటి, మీ సంఘంలో ఇద్దరివి. రాత్రి ఎత్తేవాళ్లది ముందు రాయండి, ఆయాసం తెల్లవారుజామునే ఎక్కువ. డిశ్చార్జి అయి వచ్చినవాళ్లని వారం లోపే ఒకరు వెళ్లి చూడాలి, సంచిలో పాత మందులూ కొత్త మందులూ కలిసిపోయి ఒకే మందు రెండు పేర్లతో వాడుతుంటారు.